కంపైల్ అయినంత మాత్రాన

సీ, సీ ప్లస్ ప్లస్‌లలో పనిచేసే మనవాళ్ళలో ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. యూనిట్ టెస్టులు పైథాన్, జావాస్క్రిప్ట్ వాళ్ళకు కావాలట. టైపులన్నీ కంపైలరే సరిచూసే భాషల్లో వాటి అవసరం పెద్దగా ఉండదట. దీని వెంట ఇంకో రెండు మాటలు వినిపిస్తాయి. సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులో టెస్ట్ ఫ్రేమ్‌వర్క్ నిలబెట్టడం తలకు మించిన భారమని ఒకటి. మన కోడ్ హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంది కాబట్టి అసలు కుదరదని మరొకటి. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో డిజైన్ రివ్యూ జరుగుతుంటే ఈ మాటలు ఏళ్ళ అనుభవం ఉన్న సీనియర్ల నోటే వస్తాయి. కొత్తగా చేరిన పిల్లలు ఎదురు ప్రశ్న వేయకుండా తలూపుతారు. ఈ మూడు మాటలూ తప్పు. మూడోది అన్నింటికన్నా ఎక్కువ చేటు చేస్తోంది.

మొదట కంపైలర్ సంగతి. రాసిన కోడ్ భాష నియమాలకు లోబడి ఉందో లేదో అది చూస్తుంది. పూర్ణాంకం కావాల్సిన చోట స్ట్రింగ్ ఇస్తే ఊరుకోదు. ఇది గొప్ప సాయమే, కాదనను. అయితే మనం అనుకున్నదీ రాసిందీ ఒకటేనా అన్నది దానికి తెలిసే దారి లేదు. కూడాల్సిన చోట తీసేసినా, ‘కన్నా ఎక్కువ లేదా సమానం’ అని ఉండాల్సిన చోట ‘కన్నా ఎక్కువ’ అని రాసినా దానికి అభ్యంతరం ఉండదు. వాడుకలో ఉన్న ప్రోగ్రాములు దెబ్బతినేది ఎక్కువగా ఇలాంటి చోట్లే.

2008 డిసెంబర్ 31న ఏం జరిగిందో చూడండి. మైక్రోసాఫ్ట్ అమ్మిన జూన్ మ్యూజిక్ ప్లేయర్లలో 30 గిగాబైట్ల మోడల్ ఆ రోజు ఎక్కడికక్కడ స్తంభించిపోయింది. కారణం గడియారపు డ్రైవర్‌లో సీ భాషలో రాసిన ఓ చిన్న ఫంక్షన్. 1980 జనవరి 1 నుంచి లెక్కపెడితే ఇవాళ ఎన్నో రోజో చెబితే, ఇది ఏ సంవత్సరమో తేల్చడం దాని పని. లోపల ఒక లూప్ ఉంది. మిగిలిన రోజులు 365 కన్నా ఎక్కువ ఉన్నంతసేపూ తిరుగుతుంది. మామూలు సంవత్సరమైతే 365 తీసేసి సంవత్సరాన్ని ఒకటి పెంచుతుంది. లీపు సంవత్సరమైతే, మిగిలిన రోజులు 366 కన్నా ఎక్కువ ఉన్నప్పుడు మాత్రమే 366 తీసేసి సంవత్సరాన్ని పెంచుతుంది. 2008 లీపు సంవత్సరం. దాని ఆఖరి రోజున మిగిలినవి సరిగ్గా 366. అది 365 కన్నా ఎక్కువే కాబట్టి లూప్ లోపలికి వెళ్ళింది. 366 కన్నా ఎక్కువ కాదు కాబట్టి ఏమీ తీసెయ్యలేదు. ఏ విలువా మారలేదు, మళ్ళీ లూప్ మొదటికే వచ్చింది. బ్యాటరీ అయిపోయేదాకా అలా తిరుగుతూనే ఉంది. ఛార్జి పూర్తిగా దిగిపోనిచ్చి, మర్నాడు గ్రీనిచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం దాటాక ఆన్ చేసుకోమని కంపెనీ వినియోగదారులకు చెప్పాల్సి వచ్చింది.

ఆ ఫంక్షన్‌లో టైపు తప్పు ఒక్కటీ లేదు. ప్రపంచంలోని ఏ సీ కంపైలరూ దాన్ని వెనక్కి పంపదు. ఇప్పుడు దాని పక్కన ఒక టెస్టు పెట్టి చూడండి. 1980 కూడా లీపు సంవత్సరమే. ఫంక్షన్‌కు 366 ఇచ్చి 1980 వస్తుందా అని అడిగితే చాలు. 2006 నవంబర్‌లో ప్లేయర్ బజారుకు రాకముందే ఆ టెస్టు ప్రోగ్రామరు డెస్క్ మీద ఆగిపోయి ఉండేది. సీటెస్ట్ లాంటి రన్నర్‌కు టైమ్‌అవుట్ పెడితే, ఆగిపోయిన టెస్టును అదే చంపేసి ఫెయిల్ అని చూపిస్తుంది. 365, 366, 367 అనే మూడు విలువలతో మూడు వరసలు రాయడానికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు. రాసే చోటు ప్రాజెక్టులో సిద్ధంగా ఉండాలి, అంతే. నా గొడవంతా ఆ చోటు గురించే.

సీ భాషకు టైపుల మీద పట్టు తక్కువ, అందుకే అలా జరిగిందని సర్దిచెప్పేవాళ్ళున్నారు. అయితే ఏడా భాష సంగతి చూద్దాం. టైపుల విషయంలో దానంత పట్టుదల ఉన్న భాషలు చాలా తక్కువ. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే ఇంజిన్ వెలిగిన 40 సెకన్లకు కాస్త ముందు దారి తప్పి పేలిపోయింది. దాని దిశ చెప్పే యూనిట్‌లోని ఏడా కోడ్ 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోయింది. విలువ పట్టలేదు. యూనిట్ ఆగిపోయింది. తోడుగా పెట్టిన యూనిట్‌లోనూ అదే కోడ్ ఉంది కాబట్టి అది అంతకు ముందే ఆగిపోయింది. ఆ కోడ్ ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నది. ఆ రాకెట్ ప్రయాణించే దారిలో ఈ విలువ అంత పెరగదని లెక్క వేసి, ఏడు వేరియబుళ్ళలో నాలుగింటికి రక్షణ పెట్టి మూడింటిని వదిలేశారు. ఆ నిర్ణయం ఏరియాన్ 4 విషయంలో సరైనదే. కాని ఏరియాన్ 5 ఎక్కే దారి వేరు. కొత్త రాకెట్ ప్రయాణపు అంకెలతో ఆ యూనిట్‌ను పరీక్షించనే లేదని విచారణ సంఘం తేల్చింది.

ఈ ఉదంతాన్ని అందరూ అంకెల పొంగు కథగా చెబుతారు. నాకు అందులో ఇంకో సంగతి కనబడుతుంది. ‘ఈ విలువ ఇంతకు మించదు’ అన్న నమ్మకం ఏదో కాగితంలో ఉండిపోయింది. కోడ్ ఒక రాకెట్ నుంచి ఇంకో రాకెట్‌కు వెళ్ళింది, కాగితంలోని నమ్మకం దాని వెంట వెళ్ళలేదు. అదే నమ్మకం నడిచే టెస్టుగా కోడ్ పక్కనే ఉండి ఉంటే, కొత్త రాకెట్ అంకెలు ఇచ్చిన రోజే అది అడ్డం తిరిగేది. మన కంపెనీల్లో ఒక ప్రాజెక్టు నుంచి ఇంకోదానికి ఫైళ్ళకు ఫైళ్ళు కాపీ అవుతుంటాయి. వాటితోపాటు ఎవరి బుర్రలోనో ఉండిపోయిన ఇలాంటి షరతులు ఎన్ని జారిపోతున్నాయో ఆలోచించండి.

వార్నింగులన్నీ ఆన్ చేస్తే సరిపోతుందన్నది, కంపైలర్ చాలన్న మాటకు తమ్ముడి వాదన. వార్నింగులు ఆన్ చేయాల్సిందే. కాని 2014 ఫిబ్రవరిలో యాపిల్ ఐఓఎస్ 7.0.6 తో సరిదిద్దిన లోపం గుర్తుండే ఉంటుంది. ‘గోటు ఫెయిల్’ అనే వరస పొరపాటున రెండుసార్లు పడింది. రెండోది ఏ షరతుకూ లోబడకుండా ప్రతిసారీ నడిచి, సర్వర్ సంతకాన్ని సరిచూసే పనిని దాటేసి, అంతా బాగుందని జవాబిచ్చేది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడింది. అవతలివాడు పంపింది నాలుగు బైట్లే అయినా 64 కిలోబైట్లు పంపానని చెబితే, నమ్మేసి, సర్వర్ మెమరీలో ఆ పక్కన ఉన్నదాన్ని కూడా అంత మేరకు తిరిగి పంపేది. రెండూ సీ కోడే, రెండూ శుభ్రంగా కంపైల్ అయినవే. గూగుల్‌లో యూనిట్ టెస్టుల అలవాటు నాటడానికి పాటుపడిన మైక్ బ్లాండ్ ఆ రెండింటికీ టెస్టులు రాసి చూపించాడు. తప్పుడు సంతకం ఇస్తే తిరస్కరించాలి, అబద్ధపు పొడవు చెబితే జవాబు ఇవ్వకూడదు. వాటిలో అడిగింది ఇంతే.

ఇక ఫ్రేమ్‌వర్క్ నిలబెట్టడం భారమన్న మాట. ఒకప్పుడు ఇందులో నిజం ఉంది. జావాలోని జేయూనిట్‌ను మైకేల్ ఫెదర్స్ సీ ప్లస్ ప్లస్‌లోకి తెచ్చిన సీపీపీయూనిట్ రోజుల్లో ఒక్కో టెస్టునూ చేత్తో రిజిస్టర్ చేయాలి, లైబ్రరీని ఒక్కో మెషీన్‌లో విడిగా బిల్డ్ చేసుకోవాలి. ఆ చేదు తిన్నవాళ్ళు ఇప్పటికీ అదే చెబుతున్నారు. 2008లో గూగుల్‌టెస్ట్ అందరికీ అందుబాటులోకి వచ్చాక టెస్టులు తమంతట తామే రిజిస్టర్ అవుతున్నాయి. 2018లో బిల్డ్ టూల్ సీమేక్ 3.11 తో ఫెచ్‌కంటెంట్ అనే వసతి వచ్చాక, కావాల్సిన వెర్షన్‌ను బిల్డే తెచ్చుకుంటుంది. ఇవాళ చేయాల్సింది ఇంతే. పైస్థాయి సీమేక్ ఫైల్లో టెస్టింగ్‌ను ఎనేబుల్ చేసే వరస ఒకటి. గూగుల్‌టెస్ట్ చిరునామా, ఖచ్చితమైన వెర్షన్ ట్యాగ్. టెస్టుల కోసం ఒక ఎగ్జిక్యూటబుల్. దాన్ని మన లైబ్రరీకీ గూగుల్‌టెస్ట్ మెయిన్‌కూ కలిపే లింక్ వరస. టెస్టులను వెతికి సీటెస్ట్‌కు అప్పగించే డిస్కవర్ వరస. అన్నీ కలిపి పది పదిహేను వరసలు.

కాలికి తగిలే రాళ్ళు ఉన్నాయి, దాచను. ఎనేబుల్ వరసను టెస్టుల ఫోల్డర్‌లో మాత్రమే పెడితే, బిల్డ్ ఫోల్డర్ పైన సీటెస్ట్ నడిపినప్పుడు టెస్టులేవీ లేవంటుంది. చాలామంది అక్కడే విసుగెత్తి వదిలేస్తారు. పాత కంపైలర్‌తో పనిచేసేవాళ్ళు వెర్షన్ చూసుకోవాలి. గూగుల్‌టెస్ట్ 1.17 కు సీ ప్లస్ ప్లస్ 17 కావాలి, 1.13 నుంచి 14 కావాలి, 11 దగ్గరే ఆగినవాళ్ళకు 1.12 ఉంది. విండోస్‌లో విజువల్ స్టూడియో వాడితే, గూగుల్‌టెస్ట్ ఒక రకం సీ రన్‌టైమ్‌కూ మన కోడ్ ఇంకో రకానికీ లింకై గొడవ పడతాయి. షేర్డ్ రన్‌టైమ్‌ను బలవంతం చేసే ఆప్షన్ ఒకటి ఆన్ చేస్తే అది తీరుతుంది. ఫ్రేమ్‌వర్క్ ఎందుకులే అని భాషలోని అసర్ట్‌తోనే టెస్టులు రాసేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. సీమేక్ రిలీజ్ బిల్డ్‌లో అసర్ట్‌లు మాయమవుతాయి, లోపల రాసిన ఫంక్షన్ పిలుపుతో సహా. అప్పుడు టెస్టులన్నీ పాసైనట్టే కనిపిస్తాయి. వాటిలో ఏదీ నడిచి ఉండదు.

వీటన్నింటికీ ఒక మధ్యాహ్నం చాలు. మరి నెలల తరబడి ఎందుకు వాయిదా పడుతుంది? అసలు కారణం ఫ్రేమ్‌వర్క్‌లో లేదు. మెయిన్ ఫంక్షన్ ఉన్న ఫైల్లోనే సగం తర్కం ఉంటుంది. తక్కిన ఫైళ్ళు కూడా నేరుగా అదే ఎగ్జిక్యూటబుల్‌లోకి కంపైల్ అవుతుంటాయి. ఒక ఎగ్జిక్యూటబుల్‌ను ఇంకో ఎగ్జిక్యూటబుల్‌కు మామూలుగా లింక్ చేయలేం. ఫైళ్ళన్నింటినీ టెస్టుల్లోకి కూడా లాగితే మెయిన్ రెండుసార్లు ఉందని లింకర్ గోల పెడుతుంది. కాబట్టి తర్కం మొత్తాన్ని ఒక స్టాటిక్ లైబ్రరీగా విడదీసి, మెయిన్‌లో నాలుగు వరసలే మిగల్చాలి. అసలు ప్రోగ్రామూ టెస్టులూ రెండూ ఆ లైబ్రరీకే లింక్ కావాలి. ఫ్రేమ్‌వర్క్ పెట్టడంలో అసలు పని ఇదే. తక్కినదంతా వరసలు టైపు చేయడం.

ఆ విడదీత మొదలుపెట్టగానే లోపలి చిక్కులు బయటపడతాయి. వడ్డీ లెక్క కట్టే ఫంక్షన్‌కు టెస్టు రాయబోతే, అది ఒక గ్లోబల్ వేరియబుల్ అడుగుతుంది. ఆ గ్లోబల్ వేరియబుల్, కాన్ఫిగ్ ఫైలు చదివే క్లాసును అడుగుతుంది. ఆ క్లాసు లాగింగ్‌ను లాగుతుంది, లాగింగ్ నెట్‌వర్క్‌ను లాగుతుంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒక్క కూడిక సరిచూడటానికి మొత్తం ప్రోగ్రామ్ కావాల్సివస్తుంది. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటూ లింకర్ ఇచ్చే జాబితాలో ఒక్కో పేరూ ఎవరూ రివ్యూలో ఎత్తిచూపని ఒక్కో అనవసరపు ముడి. అది చూసి ‘సీ ప్లస్ ప్లస్‌లో టెస్టులు కష్టం’ అని తేల్చేవాళ్ళు జ్వరం వచ్చినందుకు థర్మామీటర్‌ను నిందిస్తున్నారు. కష్టం ఆ కోడ్‌లో ముందు నుంచే ఉంది. రేపు ఫీచర్ మార్చాల్సివచ్చినప్పుడు, పాతవాళ్ళు వెళ్ళిపోయి కొత్తవాళ్ళు వచ్చినప్పుడు అదే కష్టానికి వడ్డీతో సహా మూల్యం చెల్లిస్తారు.

హార్డ్‌వేర్ వాదన ఇంకా హానికరం ఎందుకన్నానంటే, అది అబద్ధంలా కనిపించదు. సెన్సర్ రిజిస్టర్ చదివే కోడ్‌ను ల్యాప్‌టాప్ మీద నడపలేం, నిజమే. కాని ఎంబెడెడ్ ప్రాజెక్టులో ఎంత కోడ్ నిజంగా రిజిస్టర్లను ముట్టుకుంటుంది? పైన చెప్పిన జూన్ ఫంక్షన్ ఉన్నది చిప్ డ్రైవర్‌లోనే. దానికి చిప్‌తో పనేముంది? రోజులిస్తే సంవత్సరం చెప్పే లెక్క అది. ల్యాప్‌టాప్ మీదే కాదు, కాగితం మీద కూడా నడుస్తుంది. డ్రైవర్ ఫైల్లో ఉన్న పాపానికి దాన్నీ ‘హార్డ్‌వేర్ కోడ్’ గాటన కట్టేశారు. ప్రోటోకాల్ ఫ్రేమ్ విడదీసేదీ, చెక్‌సమ్ కట్టేదీ, ఉష్ణోగ్రత దాటితే మోటారు ఆపాలా వద్దా అని నిర్ణయించేదీ అన్నీ ఈ బాపతే. ఆ నిర్ణయం తప్పితే మోటారు కాలిపోతుంది, లేదా మనిషి చెయ్యి నలిగిపోతుంది. అలాంటి కోడ్‌నే ‘పీసీ మీద టెస్ట్ చేయలేం’ అంటూ బోర్డు వచ్చేదాకా గాలికి వదిలేస్తున్నారు.

రిజిస్టర్ ముట్టుకునే ఆ కొద్ది భాగానికి కూడా కంపైల్ అయ్యే భాషల్లోనే మంచి వసతి ఉంది. హెడర్ ఫైలు అదే ఉంచి, టెస్ట్ బిల్డ్‌లో అసలు ఫైలు బదులు నకిలీ ఫైలును లింక్ చేయొచ్చు. గ్నూ లింకర్‌లో వ్రాప్ ఆప్షన్‌తో ఒక్క ఫంక్షన్ పిలుపునే మళ్ళించొచ్చు. కోడ్‌లో అక్షరం మార్చనక్కర్లేదు. ఫెదర్స్ 2004లో పాత కోడ్ మీద రాసిన పుస్తకంలో ఈ లింక్ దశను ఒక కీలకమైన అతుకుగా వివరించాడు. జేమ్స్ గ్రెన్నింగ్ 2011లో ఎంబెడెడ్ సీ కోసమే టెస్టుల పుస్తకం రాశాడు. సీ కోసం ఉన్న యూనిటీ ఫ్రేమ్‌వర్క్ అసలు భాగం ఒక సీ ఫైలు, రెండు హెడర్లు. చిన్న మైక్రోకంట్రోలర్ మీద కూడా పడుతుంది. వీటన్నింటినీ మించిన జవాబు లినక్స్ కెర్నల్. హార్డ్‌వేర్‌కు దానికన్నా దగ్గరగా ఉండే కోడ్ ఏముంది? 2020 జనవరిలో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి కెర్నల్‌లోనే కేయూనిట్ అనే యూనిట్ టెస్ట్ ఫ్రేమ్‌వర్క్ ఉంది. కెర్నల్‌ను మామూలు ప్రాసెస్‌లా నడిపించే పద్ధతిలో ఆ టెస్టులు బోర్డు లేకుండానే నడుస్తాయి. కెర్నల్‌లో కుదిరింది మన ప్రాజెక్టులో కుదరదనడం చెల్లదు.

ఈ నమ్మకాలు మన దగ్గర ఇంత బలంగా ఉండటానికి చదువు కూడా కారణం. మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఏళ్ళ తరబడి టర్బో సీ రాజ్యమేలింది. తెర మీద అవుట్‌పుట్ కనబడితే మేడమ్ రికార్డు మీద సంతకం పెట్టేవారు. ప్రోగ్రామ్ సరైనదని చెప్పడానికి అదే కొలమానం. టర్బో సీలో పూర్ణాంకం 16 బిట్లే, 32,767 దాటితే రుణసంఖ్య వచ్చేది. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్‌కు 8 ఇచ్చి చూసిన విద్యార్థికి ఏరియాన్ పాఠం ఆ ల్యాబులోనే దొరికేది. 5 ఇచ్చి 120 రాగానే అందరూ లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆపైన అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డెవలప్‌మెంట్ కోర్సు ఒక మెట్ల దారి, టెస్టింగ్ టూల్స్ కోర్సు ఇంకో మెట్ల దారి. టెస్టు చేయడం వేరేవాళ్ళ ఉద్యోగం అన్న భావన అక్కడే స్థిరపడిపోయింది. టెస్టింగ్ టీమ్ చేసే పని విలువైనది. కాని వాళ్ళ చేతికి వచ్చేది కట్టేసిన మొత్తం ప్రోగ్రామ్. లోపల 366 అనే విలువకు తడబడే లూప్‌ను బయటినుంచి పట్టాలంటే వాళ్ళు ఆ తేదీ కోసం ఎదురుచూడాలి, లేదా గడియారాన్ని సరిగ్గా ఆ తేదీకే తిప్పాలన్న ఆలోచన రావాలి. ఆ లూప్ రాసిన మనిషికి మాత్రమే అక్కడ సరిహద్దు ఉందని తెలుసు.

కంపైల్ అయ్యే భాషలకు టెస్టులు తక్కువ కాదు, ఎక్కువ అవసరమని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. పైథాన్‌లో జాబితా చివర దాటి చదివితే అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది. సీలో చదివేస్తుంది, ఏదో విలువ ఇస్తుంది, ప్రోగ్రామ్ సాగిపోతుంది. దీన్ని పట్టడానికి అడ్రస్ శానిటైజర్ ఉంది. 2012లో క్లాంగ్‌లోనూ మరుసటి ఏడాది జీసీసీ 4.8 లోనూ వచ్చింది. బిల్డ్‌లో ఒక్క ఫ్లాగ్ చాలు. కాని అది నడిచిన వరసలనే చూడగలదు. నడిపించే టెస్టులు లేని ప్రాజెక్టులో శానిటైజర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. గో భాష 2012లో తొలి స్థిర వెర్షన్ నుంచే టెస్ట్ ఆదేశాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. రస్ట్‌లో కార్గో టెస్ట్ పుట్టుకతోనే ఉంది. ఆ రెండూ కంపైల్ అయ్యే భాషలే. రస్ట్ కంపైలర్‌కన్నా కఠినమైన కంపైలర్ వాడుకలో దొరకడం కష్టం. దాన్ని తయారుచేసినవాళ్ళే టెస్టులు అక్కర్లేదని అనుకోలేదు.

ఖర్చు గురించి అడిగేవారికి ఎస్‌క్యూలైట్ చూపిస్తాను. మీ జేబులోని ఫోన్‌లో ఉన్న డేటాబేస్ అది. దాని సీ కోడ్ లక్షన్నర వరసలకు కాస్త ఎక్కువ. టెస్టుల కోడ్ దానికి 590 రెట్లని వాళ్ళే 3.42 వెర్షన్ నాటి లెక్కల్లో ప్రకటించారు. రాసింది వేలమంది ఉద్యోగులున్న సంస్థ కాదు, రిచర్డ్ హిప్ నడిపే అతి చిన్న బృందం. అంత రాయమని ఎవరినీ అడగను. ప్రతి చిన్న గెటర్‌కూ టెస్టు రాసి కవరేజీ శాతం చూపించుకునే ఆచారాన్ని కూడా సమర్థించను, దానివల్ల కోడ్ బాగుపడదు. టెస్టులు పాసైతే బగ్గులు లేవని రుజువైనట్టు కాదన్నదీ నిజమే. రుజువు లేదు కాబట్టి ఆధారం కూడా వద్దనడమే అన్యాయం.

టీమ్ లీడ్‌లకు నా విన్నపం. కొత్త ప్రాజెక్టులో రెండో సోర్స్ ఫైలు పుట్టకముందే టెస్టుల ఫోల్డర్ పుట్టించండి. సీటెస్ట్ ఎర్రగా ఉంటే మెర్జ్ కాకుండా కట్టడి చేయండి. ల్యాబులు నడిపే అధ్యాపకులు అవుట్‌పుట్‌తో పాటు మూడు సరిహద్దు విలువలకు టెస్టులు చూపిస్తేనే సంతకం పెట్టండి. పాత ప్రాజెక్టు మీ నెత్తిన ఉందా? మొత్తం సరిదిద్దనక్కర్లేదు. హార్డ్‌వేర్‌తో, నెట్‌వర్క్‌తో పనిలేని ఒక్క లెక్క ఫంక్షన్‌ను ఈ వారం లైబ్రరీలోకి తీసి, దాని సరిహద్దు విలువ ఏదో మీకే తెలుసు కాబట్టి, ఆ విలువతో ఒక టెస్టు రాయండి.